కొనని ఇంటికి కూరగాయలు

మా ఊళ్ళో ఇల్లు చూపించే బ్రోకరుకు ఏ దూరమైనా ఐదు నిమిషాలే. బజారు ఐదు నిమిషాలు, ఆసుపత్రి ఐదు నిమిషాలు, షేరాటోలు ఆగే చోటు ఐదు నిమిషాలు. అవి ఎవరి నిమిషాలో మాత్రం చెప్పడు. ఏసీ వేసిన కారులో హారను మీద చెయ్యి తీయకుండా పోయే ఆయనవా, లేక కూరగాయల సంచి మోసుకుని మే నెల మిట్టమధ్యాహ్నం నడిచే నావా? ఈ మాట నేను అడిగేసరికి ఆయన స్టీరింగు మీద నుంచి తల తిప్పి నన్ను ఎగాదిగా చూశాడు.

"నడుస్తారా అక్కా? నడిచే పనేముండాది? సారుకు బండి ఉండాది గదా?"

సారుకు ఉంది. నా బాధంతా అదే.

పెళ్ళయి కర్నూలు వచ్చినప్పటి నుంచీ మేము పాత ఊళ్ళో, నదికి దగ్గరగా ఉండే ఒక సందులో అద్దెకుంటున్నాం. మా ఆయన డోన్‌లో లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని చేస్తాడు. పొద్దున్నే బండి మీద స్టేషనుకు పోయి, బండి అక్కడ పెట్టి రైలెక్కుతాడు. మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇంటికొస్తాడు. ఈ మధ్యలో ఉన్న పగలంతా నాది. ఇంట్లో కూర్చుని రవికెలు కుడతాను. దారం అయిపోతే బజారుకు నడుస్తాను, హుక్కులకు నడుస్తాను, లైనింగు గుడ్డకు నడుస్తాను, ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్పడానికి పక్కసందులో అత్తయ్య వరస ఆమె ఇంటికి నడుస్తాను. నా రోజు నా కాళ్ళ మీద సాగుతుంది.

బండి నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నాను. ఒక్క పూట. మా ఆయనే దగ్గరుండి స్కూటీ నేర్పించాడు. నేను బ్రేకు అనుకుని యాక్సిలేటరు తిప్పి నేరుగా జామకాయల తోపుడు బండిలోకి పోయాను. దెబ్బలేమీ తగల్లేదు. కాయలు మాత్రం రోడ్డంతా దొర్లాయి. వాటన్నిటినీ మేమే కొనాల్సి వచ్చింది. ఆ వారమంతా మా ఇంట్లో జామకాయ కూర, జామకాయ పచ్చడి, జామకాయ చారు. ఇప్పటికీ ఎవరైనా జామకాయ కోస్తే మా ఆయన నా వైపు చూసి మీసాల చాటున నవ్వుతాడు. నవ్వుకోనీ. నేను మళ్ళీ స్కూటీ ముట్టుకోలేదు.

అద్దె ఇంటాయన కొడుకుకు ఇల్లు కావాల్సి వచ్చింది. ఎన్నాళ్ళీ అద్దెలు, సొంతం చూసుకుందామని మేమూ అనుకున్నాం. జీవితంలో ఒకసారి కొనే ఇల్లు. సరిగ్గా అప్పుడే నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా చెల్లెలిది కడప. వాళ్ళు ఊరి బయట కొత్త లేఅవుట్లో మేడ కట్టుకున్నారు. గృహప్రవేశానికి పోయి ఆ హాలు, ఆ మెట్లు, ఆ వంటగది చూసి నేనూ నోరెళ్ళబెట్టాను. మరుసటేడు ఊరికే చూసొద్దామని పోయాను. సాయంత్రం పూట అది గేటు దగ్గర మెట్టు మీద, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చునుంది. ఏమైందే అంటే, "కరేపాకు లేదక్కా. ఆయన వస్తే బండి మీద పోయి తెచ్చుకోవల్ల" అంది. అన్నం కుండ పొంగు వచ్చేలోపు రెండు వీధులు తిరిగి పుదీనాతో పాటు ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చే పిల్ల అది! ఆ రాత్రి అన్నాల దగ్గర "ఏమే విశేషాలు" అంటే, "నాకేం తెల్సక్కా, నువ్వే చెప్పు" అంది. దానికి ఇల్లు పెద్దదైంది, లోకం గేటు దాకా కుంచించుకుపోయింది. నాకు నిజంగా భయమేసింది.

మేం ఇల్లు చూస్తున్నామని తెలిసి అదే ఫోను చేసింది. "ఇల్లు చూసేదానికి పోతే వెంటనే లోపలికి పోవద్దక్కా. లోపల అందరిండ్లూ బాగానే ఉంటాయి. ముందు బయట తిరుగు" అంది. నేను ఆ మాట పట్టుకున్నాను.

బ్రోకరు మొదట చూపించింది కల్లూరు అవతల ఒక కొత్త ఇల్లు. తూర్పు వాకిలి. వాస్తు ప్రకారం ఎక్కడుండాల్సినవి అక్కడున్నాయి. ముందు రెండు లారీలు పక్కపక్కనే పోయేంత తారు రోడ్డు. మా ఆయన లోపలికి పోయి బండి పెట్టుకునే చోటు చూసి, అక్కడే నిలబడి, ఆ చోటును చేత్తో నిమిరాడు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా ఆయన ముఖం అంతలా వెలగలేదు.

"మళ్ళీ ఒకసారి వస్తాం" అని చెప్పి, మూడోనాడు, ఆదివారం మధ్యాహ్నం, ఆయనను వెంటబెట్టుకుని షేరాటోలో బయల్దేరాను. ఆటో దిగిన చోట సంచి నిండా ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు, ఒక గుమ్మడి ముక్క కొన్నాను.

"ఇదేందే? కొనని ఇంటికి కూరగాయలు తీస్కపోతాండావు?"

"కొన్న తర్వాత మోసేది నేనే గదా. ముందే మోసి చూస్తాండా."

"ఎవరైనా చూస్తే పిచ్చిదంటారు."

"చూడనీ. చూసేదానికైనా మనుషులుండల్ల గదా ఆ దారిలో."

అదే జరిగింది. ఆ దారిలో చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. ముందు హైవే దాటాలి. దాటడానికి కొంగు బిగించి, లారీలకు దండం పెట్టి, పరుగెత్తాలి. తర్వాత ఆ తారు రోడ్డు. నీడ అనేదాన్ని ఆ రోడ్డు పుట్టినప్పటి నుంచీ చూసినట్టు లేదు. చెప్పుల కింద తారు మెత్తగా అంటుకుంటోంది. ఒక అంగడి లేదు, ఒక మనిషి అలికిడి లేదు. గేట్లన్నీ మూసి ఉన్నాయి. సగం దూరం పోయాక కుక్కలు వచ్చాయి. కారును, బండిని తప్ప నడిచే మనిషిని ఎన్నడూ చూడలేదేమో, అవి నన్ను దొంగను చూసినట్టు చూసి మొరిగాయి. ఒక కుక్కకు ఉల్లిగడ్డ విసిరాను. అది వాసన చూసి ఇంకా కోపగించుకుంది. ఇల్లు చేరేసరికి నా రవిక తడిసి, ముఖం కందగడ్డలా అయింది. మా ఆయన ఫోనులో మ్యాపు చూపించి, నడిచేది కొంచెమేనని ఇందులో ఉండాదే అన్నాడు. ఫోనుకు చెప్పుల్లేవు, చెమట లేదు, దానికేం తెలుసు అన్నాను.

"ఇల్లు కొంటాండామా, నడక కొంటాండామా?" అని విసుక్కున్నాడు.

"మీరు పగలంతా డోన్‌లో ఉంటారు. ఈడ ఉండేది నేను. సంచి ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా గేటు కాడ కూర్చోలేను. నా చెల్లెల్ని చూడల్యా మీరు?"

ఆ ఉల్లిగడ్డలు మళ్ళీ మోసుకుని పాత ఇంటికే వచ్చాం. తిరుగుదారిలో సంచి ఆయనే పట్టుకున్నాడు. హైవే దాటాక చెయ్యి మార్చుకోవడం కూడా చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

ఆ వేసవంతా నాకు అదే పని. ఎక్కడ ఇల్లుందన్నా కొనని ఇంటికి కూరగాయలు మోశాను. పోనుపోనూ కొన్ని గురుతులు పట్టుకున్నాను. వీధిలో అడుగు పెట్టగానే కుక్కల్ని చూస్తాను. అవి దారికడ్డంగా పడుకుని, మనం దాటి పోతున్నా ఒక కన్ను కూడా తెరవకపోతే అది నడిచే వీధి. ఇక అన్నిటికన్నా గట్టి గురుతు నైటీ. నైటీ మీద తువ్వాలు వేసుకుని, చేతిలో కొత్తిమీర కట్ట పట్టుకుని వచ్చే ఆడమనిషి ఎదురైందా, ఇక ఎవరినీ ఏ దూరమూ అడగక్కర్లేదు. చీర కట్టుకోకుండా పోయి రాగలిగినంత దగ్గర్లో అంగడి ఉందన్నమాట. తువ్వాలు కూడా లేకుండా వస్తే అంగడి ఇంకా దగ్గర. మా ఆయనకు ఈ లెక్క చెబితే, "ఆడోళ్ళ నైటీలు చూసి ఇల్లు కొనేది ప్రపంచంలో నువ్వొక్కదానివే" అన్నాడు. నేను చూస్తే ఇల్లు దొరుకుతుంది, మీరు చూస్తే దెబ్బలు దొరుకుతాయి అన్నాను.

చివరికి అలాంటి సందు దొరికింది. కల్లూరులోనే, కొంచెం లోపలికి. మొదట్లో ఒక అంగడి, దాని పక్కన పిండి మర, కొంచెం పోతే టైలరింగు సామాన్ల కొట్టు. నా దారాలు, నా హుక్కులు! ఒక పక్కంతా వేపచెట్లు. గుమ్మాల ముందు అరుగులు, అరుగుల మీద చింతపండు గింజలు తీస్తూ ఆడవాళ్ళు. కుక్కలు చచ్చినట్టు నిద్రపోతున్నాయి. సందులోకి తిరగగానే ఒకావిడ నైటీలో ఎదురైంది, తువ్వాలు లేకుండా. నా ప్రాణం లేచొచ్చింది.

ఇల్లు సందులో సగం దాటగానే ఉంది. పడమటి వాకిలి, చిన్న గదులు, బండి పెట్టే చోటు బండి అంతే. మా ఆయన వాకిలి చూసి నిట్టూర్చాడు. నేను ఆ ఇంటికి మూడు పూటలా నడిచాను. పొద్దున నడిచాను, మిట్టమధ్యాహ్నం గుమ్మడికాయతో నడిచాను, సాయంత్రం ఊరికే నడిచాను. సిమెంటు రోడ్డు సందు సగం దాకే ఉంది, మిగతా సగం నల్లమట్టి. అదీ పరీక్షించాను. కాలితో తన్నితే వేలు నొప్పి పుట్టింది కానీ మట్టి కదల్లేదు. సిమెంటు కంటే ఇదే గట్టిగా ఉండాదే అనుకున్నాను.

మా సీమలో ఎవరైనా ఇల్లు ఎండాకాలంలోనే చూస్తారు. మేలో బోరులో నీళ్ళుంటే ఏడాదంతా ఉంటాయని. మేలో గదిలో కూర్చోగలిగితే ఎప్పుడైనా కూర్చోవచ్చని. వాన అంటే మాకు చుట్టం. ఎప్పుడో వస్తుంది, వస్తే వాకిట్లో నిలబడి సంబరంగా చూస్తాం, పోతుంది. చుట్టం వస్తుందని ఎవరైనా రోడ్డు పరీక్షించుకుంటారా? నేనూ ఎండనే పరీక్షించాను. గొడుగు పట్టుకున్నది కూడా ఎండకే.

మా ఆయన చివరికి సరేనన్నాడు. మంచి రోజు చూసి అడ్వాన్సు ఇవ్వడానికి పొద్దు నిర్ణయించుకున్నాం. ఆ ముందు రోజు సాయంత్రం వాన కురిసింది. తొలకరి. కొండల మీద నుంచి దుమ్ము వాసన కొట్టుకొచ్చింది. శుభశకునం అని మేమిద్దరం మిద్దె ఎక్కి మరీ తడిశాం.

మరుసటి పొద్దున నేను పట్టుచీర కట్టుకున్నాను. ఇద్దరం బండి మీద బయల్దేరాం. సిమెంటు రోడ్డు సగం దాకా బాగానే పోయాం. మట్టి మొదలైన చోట బండి నాలుగు మూరలు పోయి మూలిగింది. నల్లమట్టి చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డు లోపలంతా కూరుకుపోయి, చక్రం ఇక తిరగనని మొండికేసింది. నేను దిగాను. దిగిన కాలు దిగినట్టే ఉండిపోయింది. ఎత్తితే కాలు వచ్చింది, చెప్పు రాలేదు. చెప్పు కోసం వంగితే రెండో కాలు దిగబడింది. నిన్నటి దాకా వేలికి నొప్పి పుట్టించిన మట్టి ఇదేనా అని నాకే నమ్మకం కలగలేదు.

బ్రోకరు ఫోను చేశాడు. కారు లోపలికి రాదు సార్, మెయిన్ రోడ్డు మీదే ఉండా, మీరే రండి అన్నాడు.

మా ఆయన ప్యాంటు మడుచుకుని, బండిని పట్టుకుని నిలబడి, నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. "ఏదమ్మే నీ నడక? గుమ్మడికాయ తెచ్చింటివి గదా, వాన తేవడం మర్చిపోతివే!" ఆయన నవ్వులో ఎగతాళి ఉంది కానీ కోపం లేదు. ఆ తర్వాత మెల్లగా, "ఆ తారు రోడ్డు ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదంట" అన్నాడు.

అప్పుడు మాత్రం నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన తప్పేమీ అనలేదు. ఇక మీదట ఆయన చూపించిందే ఇల్లవుతుంది, ఆయన బండే దారి అవుతుంది, కరేపాకు కోసం గేటు కాడ మెట్టు మీద నేను కూర్చుంటాను. పట్టుచీర బురద చేసుకుని, ఒక చెప్పుతో ఆ సందు మధ్య నిలబడి నేను ఇవన్నీ చూసేశాను.

సరిగ్గా అప్పుడు అంగడి వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. నైటీ, తల మీద చున్నీ, చేతిలో కొత్తిమీర. హడావిడి లేకుండా, గోడ వెంబడి, మామూలుగా నడుచుకుంటూ వస్తోంది. నేను ఆమె పాదాల వైపు చూశాను. తడి కూడా లేదు.

అప్పుడు కనిపించాయి బండలు. ఇల్లు కట్టినప్పుడు నేలకు పరవగా మిగిలిన బేతంచెర్ల నాపబండల ముక్కలు మా పక్క ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఈ సందులో వాటిని పారేయరు. గోడకు ఆనించి పెట్టుకుంటారు. వాన వెలిసిందంటే ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఆ ముక్కలు అడుగుకొకటి పరుస్తారు. నా ఇంటి ముందు నావి, నీ ఇంటి ముందు నీవి, అలా సందు పొడుగునా గోడ వెంబడి దారి ఏర్పడిపోతుంది. నేల ఆరాక ఎవరివి వాళ్ళు తీసుకుని కడిగి మళ్ళీ గోడకు ఆనిస్తారు. వేసవంతా నేను ఆ గోడలకు ఆనించిన బండల్ని చూస్తూనే నడిచాను. ఇల్లు కట్టాక మిగిలిన చెత్త అనుకున్నాను.

పెద్దామె అలా నడుచుకుంటూ వచ్చి, మేం కొనబోయే ఇంటి ముందుకు రాగానే ఆగింది. నైటీ మోకాళ్ళ దాకా ఎగదీసింది. కొత్తిమీర పళ్ళతో పట్టుకుంది. ఆ ఇంటి అరుగు అంచు మీదికి ఒక గెంతు, అక్కడి నుంచి ఇంకో గెంతు గెంతి అవతలి ఇంటి బండ మీద పడింది. పడి, కొత్తిమీర చేతిలోకి తీసుకుని, నన్ను చూసింది.

"ఆ ఇల్లు తీసుకునేది మీరేనా అమ్మా?"

"ఇంకా ల్యా ఆపా" అన్నాను. కర్నూల్లో ముస్లిం ఆడవాళ్ళను అక్కా అనడానికి అదే మాట.

"తీసుకునేదుంటే జల్దీ తీసుకోండి తల్లీ. ఆ ఇల్లు ఖాళీ అయినప్పటి నుంచి ఆడ బండలేసే దిక్కు ల్యాకుండా పాయ. వానొచ్చినప్పుడల్లా వీధంతా కోతుల మాదిరి ఎగురుతాండాం. ఈ వయసులో నా మోకాళ్ళు ఏం కావల్ల?"

అరుగుల మీద ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది, ఏడుపుతో కలిసి. ఆమె తన గోడకు ఆనించి మిగిలిన ఒక బండ తెచ్చి నా కాలి ముందు వేసింది. ఇంకొకామె నా చెప్పు పీకి ఇచ్చింది. నేను బండ మీదికెక్కి, బండ మీద నుంచి బండ మీదికి నడిచి, ఆ ఖాళీ చోటు దగ్గర నిలబడ్డాను. వీధి పొడుగునా దారి ఉంది, ఈ ఇంటి ముందు తప్ప. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశాను.

ఆయన చక్రంలో మట్టి పుల్లతో పొడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "మా ఆఫీసుకు బేతంచెర్ల లారీలు వస్తాండాయి. విరిగిన ముక్కలు ఊరికే ఇస్తారు. ఎన్ని పడతాయో చూడు."

ఆ రోజే అడ్వాన్సు ఇచ్చేశాం. బురద కాళ్ళతో మెయిన్ రోడ్డు దాకా నడిచిపోయి, బ్రోకరు కారులో కూర్చుని ఇచ్చాం. ఆయన సీట్లకు అంటిన మట్టి చూసి ముఖం చిట్లించుకున్నాడు. సందులోనుంచి ఇక్కడికి ఎంతసేపు నడిచారక్కా అన్నాడు, ఉక్రోషంగా. ఐదు నిమిషాలు అన్నాను.

మేం ఆ ఇంట్లో పాలు పొంగించి ఇప్పటికి కొన్ని వానలయ్యాయి. మా చెల్లెలు కడప నుంచి వచ్చి నాలుగు రోజులుంది. వచ్చిన మొదటి రోజే నైటీ మీద తువ్వాలేసుకుని మాయమై, పుదీనాతో పాటు ఈ సందులో నాకింకా తెలియని కబుర్లు కూడా తెచ్చింది. నేను కుళ్ళుకున్నాను.

కానీ నాకు బాగా గుర్తుండేది మేం వచ్చాక కురిసిన మొదటి వాన. మా ఆయన స్టేషను నుంచి వచ్చి, బండి సిమెంటు ఆగిన చోటే పెట్టి, బ్యాగు చంకన పెట్టుకుని, బండల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చాడు. గుమ్మం ముందు ఆగి, "ఏమ్మే, మన బండ కదులుతాండాది" అన్నాడు. నీళ్ళు కూడా తాగకుండా, ప్యాంటు మడుచుకుని గొంతుకూర్చుని, బండ కింద గులకరాళ్ళు దూర్చడం మొదలుపెట్టాడు. లోపల నిలబడి చూస్తూ, ఈ మనిషిని ఇంకో ఇరవై ఏళ్ళు భరించవచ్చు అనుకున్నాను.

మరుసటి పొద్దున ఆపా అంగడికి బయల్దేరింది. మా ఇంటి దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ ఆగి, నైటీ మోకాళ్ళ దాకా ఎగదీసి, గెంతడానికి ఊపిరి బిగబట్టింది. అప్పుడు కిందికి చూసింది. నైటీ వదిలేసి, చేత్తో సవరించుకుని, నడిచిపోయింది. నేను సంచి తీసుకుని ఆమె వెనకే బజారుకు పోయాను.